బోరు మోటారు కంట్రోలర్‌కు మోడల్ కావాలా? కావాలి, కాకపోతే ముందు బోరుకు

తమ్ముడూ, నీ ప్రశ్న చాలా పొడుగ్గా ఉంది, మిగతావాళ్ల కోసం ముందు దాన్ని కుదిస్తా. నల్లగొండ దగ్గర మీ ఊళ్లో బోరు మోటార్లకు త్రీఫేజ్ స్టార్టర్ కంట్రోలర్ తయారు చేస్తున్నావు. ఎస్‌టీఎం32 అనే చిన్న కంట్రోల్ చిప్పున్న బోర్డు, కరెంటు కొలవడానికి మూడు సీటీలు (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు), వోల్టేజ్ సెన్సింగ్, రైతు ఫోనుకు మెసేజ్ పంపే జీఎస్‌ఎమ్ మాడ్యూల్. కోడ్ నిండా ఫ్లాగులే (అవును, కాదు అని గుర్తుపెట్టుకునే వేరియబుళ్లు), డ్రై రన్ (నీళ్లు లేకుండా మోటారు తిరగడం) సరిచేస్తే ఆటో స్టార్ట్ చెడుతోంది, ఆటో స్టార్ట్ సరిచేస్తే ఫేజు ఫెయిల్ పట్టుకోవడం లేదు. ఎవరో మోడల్ బేస్డ్ డిజైన్ చేయమన్నారు, అంటే ముందు కంప్యూటర్‌లో నడిచే మోడల్ చేసి దాన్నుంచి కోడ్ పుట్టించడం. దానికి వాడే సిమ్యులింక్ సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు. అది లేకుండా కుదురుతుందా, బొమ్మలు గీస్తూ కూర్చుంటే టైమ్ వేస్ట్ కాదా, మోడల్ నుంచి పుట్టిన కోడ్‌ను నమ్మొచ్చా, ఇది నేర్చుకుంటే హైదరాబాద్‌లో ఉద్యోగం దొరుకుతుందా. ఇంతే కదా?

నాది దేవరకొండ వైపు. కార్లలో పెట్టే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మీద చాలా ఏళ్లుగా పని చేస్తున్నా, ఇంటి దగ్గర బత్తాయి తోటా బోర్లూ ఉన్నాయి, కాబట్టి నువ్వు చెప్పే రెండు బాధలూ నాకు తెలిసినవే.

సిమ్యులింక్ కొనక్కర్లేదు. కనీసం ఇప్పుడు కాదు. టూల్ ఏది కొనాలా అని నెల రోజులు వెతకడం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది. ముందు నీ దగ్గర మోడల్ చేయాల్సిన సరుకేంటో తేల్చుకో. ఎందుకంటే ఈ మాట వినగానే అందరూ చేసే పని ఒకటుంది, కంట్రోలర్‌కు నాలుగు డబ్బాలు గీసి, మధ్యలో బాణాలు పెట్టి, ప్రింటు తీసి గోడకు అంటిస్తారు. ఆ బొమ్మ నడవదు, పరీక్షకు నిలవదు, నెల తిరిగేసరికి కోడ్ ఒక దారిన, బొమ్మ ఒక దారిన పోతాయి. నడవని మోడల్‌ను నేను మోడల్ కింద లెక్క పెట్టను. ఇంకో మాట, నడిచే మోడల్ కావాలంటే కంట్రోలర్ ఒక్కటీ గీస్తే చాలదు, అది దేన్ని కంట్రోల్ చేస్తుందో దాన్ని కూడా రాయాలి. మా పనిలో దాన్ని ప్లాంట్ మోడల్ అంటాం. నీ విషయంలో ప్లాంట్ అంటే బోరు, మోటారు, ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద ఉన్న మిగతా రైతుల మోటార్లు. నా సలహా ఒక్కటే, కంట్రోలర్ కోడ్‌ను వారం పాటు పక్కన పెట్టి ముందు వీటిని రాయి. పైథాన్ చాలు, రెండు మూడు వందల లైన్లలో అయిపోతుంది.

బోరుతో మొదలుపెట్టు. మన దగ్గర ఆరున్నర ఇంచుల బోరు మామూలు. అంటే దాదాపు 165 మిల్లీమీటర్ల గొట్టం, మీటరు లోతుకు 21 లీటర్ల చిల్లర నీళ్లు పడతాయి. ఇప్పుడు పంపు సెకనుకు రెండు లీటర్లు తోడుతోంది, రాతి పగుళ్లలోంచి సెకనుకు ఒక లీటరు ఊరుతోంది అనుకో. తేడా ఒక లీటరు, అంటే ప్రతి 21 సెకన్లకు నీటి మట్టం ఒక మీటరు దిగుతుంది. పంపు పైన 30 మీటర్ల నీళ్లుంటే పది పదకొండు నిమిషాల్లో ఖాళీ. రైతు భాషలో బోరు గ్యాప్ ఇస్తున్నది. (నిజానికి మట్టం దిగేకొద్దీ ఊట కాస్త పెరుగుతుంది, అది తర్వాత కలుపుకోవచ్చు, ముందు ఈ మోటు లెక్కతోనే బోలెడు తెలుస్తుంది.)

నీ కోడ్‌లో డ్రై రన్ ట్రిప్ అయ్యాక రెండు నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేస్తున్నావని రాశావు. ఈ మోడల్‌లో పెట్టి చూడు. రెండు నిమిషాల్లో ఊరేది 120 లీటర్లు, అవి మళ్లీ రెండు నిమిషాల్లో ఖాళీ. అంటే నాలుగు నిమిషాలకు ఒక స్టార్టు, గంటకు పదిహేను స్టార్టులు, రోజంతా ఇదే తంతు. సబ్‌మెర్సిబుల్ మోటారుతో వచ్చే కాగితంలో గంటకు ఎన్ని స్టార్టులు దాటకూడదో రాసి ఉంటుంది, తీసి చూడు. ప్రతి స్టార్టుకూ మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది, ఆ వేడి వైండింగ్‌లోనే దిగుతుంది. నువ్వు మోటారును కాపాడటానికి రాసిన లాజిక్కే దాన్ని రివైండింగ్ షాపుకు పంపుతుంది. పొలంలో ఇది కనపడాలంటే ఒక ఎండాకాలం పోవాలి, ఒక రైతు మోటారు కాలాలి. ల్యాప్‌టాప్ మీద ఐదు నిమిషాల పని. అదే మోడల్‌లో ఆగే సమయాన్ని అరగంట చెయ్యి, గంట చెయ్యి, లేదా కిందటిసారి మోటారు ఎంతసేపు నడిచిందో చూసి తర్వాతి విరామాన్ని దాని ప్రకారం మార్చే పద్ధతి పెట్టు. బోరు నిండేదాకా ఆగినా మొత్తం రోజుకు వచ్చే నీళ్లలో పెద్ద తేడా రాదు, ఎందుకంటే ఊటే అంత, నిండాక కూడా ఆగితే మాత్రం నీళ్లు తగ్గుతాయి. స్టార్టులు మాత్రం బాగా పడిపోతాయి. ఆగే టైమ్ ఎంత పెట్టాలి అని నన్ను అడిగావు కదా, ఆ అంకె నేను చెప్పేది కాదు, ఈ మోడల్‌ను నడిపి నువ్వే తీయాలి.

ఇక కరెంటు వైపు. ఇది ఇంకా గమ్మత్తు.

మీ ఊళ్లో 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐదు హెచ్‌పీ మోటార్లు పది ఉన్నాయనుకో. ఒక్కోటి ఎనిమిది ఆంపియర్లు లాగితే అందరూ కలిసి 80, ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడు 88 దాకా, కాబట్టి నడుస్తున్నప్పుడు ఇబ్బంది లేదు. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించడం) తీసుకుని తీగ సరిచేసి మళ్లీ ఇచ్చాడు. పది స్టార్టర్లూ నువ్వు అమ్మినవే, పదింటిలోనూ ఆన్ డిలే ముప్పై సెకన్లే. ముప్పయ్యో సెకనుకు పది మోటార్లూ ఒక్కసారి లేస్తాయి. పదీ కలిపి ఫుల్ లోడుకు ఐదు రెట్ల కరెంటు, దాంతో ట్రాన్స్‌ఫార్మర్‌లోనే వోల్టేజ్ సుమారు ఐదో వంతు తగ్గుతుంది, ఆపైన ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొలాలకు వచ్చే ఎల్‌టీ లైను పొడవుకు పడేది వేరే. మోటారు టార్కు వోల్టేజ్ వర్గానికి తగ్గట్టు ఉంటుంది, 70 శాతం వోల్టేజ్‌కు సగం టార్కే మిగులుతుంది, కాబట్టి మోటార్లు త్వరగా అందుకోవు, స్టార్టింగ్ కరెంటు ఇంకా సాగుతుంది. నీ రెండు సెకన్ల తక్కువ వోల్టేజ్ ట్రిప్ పడుతుంది. పదింటికీ పడుతుంది. అన్నీ ఆగగానే వోల్టేజ్ బంగారంలా ఉంటుంది. మళ్లీ ముప్పై సెకన్లు. మళ్లీ పదీ ఒక్కసారే. పొద్దుగూకే దాకా ఇదే.

ఒక్క కంట్రోలర్‌ను ఎంత బాగా పరీక్షించినా ఇది దొరకదు, ఎందుకంటే ఒక్కో కంట్రోలర్‌లో తప్పేమీ లేదు. తప్పు పదీ కలిసినప్పుడు పుడుతుంది. మోడల్‌లో మాత్రం కంట్రోలర్‌ను పది కాపీలు చేసి ఒకే ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలించడం లూపులో ఒక లైను. మందు కూడా తేలికే, డిలే ఒక్కో పెట్టెకు ఒక్కోలా ఉండాలి. ఎస్‌టీఎం32 చిప్పుల్లో ఫ్యాక్టరీలోనే వేసిన 96 బిట్ల ప్రత్యేక సంఖ్య ఉంటుంది, దాన్నుంచి డిలే తీయి. నేరుగా చివరి బిట్లు తీసుకోకు, ఒకే లాట్‌లో వచ్చిన చిప్పుల సంఖ్యలు దగ్గర దగ్గరగా ఉంటాయి, కాస్త కలిపి చెదరగొట్టాక వాడు. ట్రిప్ అయిన ప్రతిసారీ డిలే పెంచుకుంటూ పో. రాశాక మళ్లీ పది కాపీలతో నడిపి చూడు, ఎన్ని నిమిషాల్లో పదీ సర్దుకుంటున్నాయో గ్రాఫు వేయి.

ఆటో స్టార్ట్ సంగతి వచ్చింది కాబట్టి, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను ప్రభుత్వమే కోరింది, మోటార్లు రాత్రింబగళ్లు నడిచి భూమిలో నీళ్లు అడుగంటుతాయని. కాబట్టి నీ పెట్టెకు "కరెంటు రాగానే స్టార్ట్" ఒక్కటే పని కాకూడదు. రోజుకు ఎన్ని గంటలు, మడి తడిసేందుకు ఎంత, అనే హద్దు కూడా పెట్టు. బోరు మోడల్ చేతిలో ఉంది కాబట్టి ఆ హద్దును ఊహతో కాక లెక్కతో పెట్టగలవు.

ఫేజు ఫెయిల్ ఎందుకు పట్టుకోవడం లేదో కూడా ప్లాంట్ వైపు నుంచి చూస్తేనే అర్థమవుతుంది. నీ కోడ్‌లో మూడు ఫేజుల వోల్టేజ్ చూసి, ఏదైనా తగ్గితే ట్రిప్ అని ఉంది. మోటారు ఆగి ఉన్నప్పుడు ఇది సరిపోతుంది. నడుస్తున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయిందనుకో, తిరుగుతున్న మోటారు ఆ తెగిన ఫేజు మీద తనే వోల్టేజ్ పుట్టిస్తుంది, అదీ అసలుకు దగ్గర్లో. నీ సెన్సింగ్‌కు మూడు ఫేజులూ ఉన్నట్టే కనిపిస్తాయి. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకో నాలుగు మోటార్లు నడుస్తుంటే అవి కూడా తలా ఒక చేయి వేస్తాయి. మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు సుమారు 1.7 రెట్లవుతుంది, కాసేపటికి వైండింగ్ మాడు వాసన. కాబట్టి నడుస్తున్న స్టేట్‌లో ఫేజు ఫెయిల్‌ను కరెంటుల తేడాతో పట్టాలి, ఆగి ఉన్న స్టేట్‌లో వోల్టేజ్‌తో పట్టాలి. ఫ్యూజు హెచ్‌టీ (ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎక్కువ వోల్టేజ్ వచ్చే) వైపు పోతే లెక్క ఇంకో రకం, లోడు లేనప్పుడు ఒక ఫేజు నిండుగా ఉండి మిగతా రెండూ సగమే చూపిస్తాయి. ఈ మూడు సందర్భాలనూ ప్లాంట్ మోడల్‌లో మూడు మీటలుగా పెట్టుకో, ఎప్పుడు కావాలంటే అప్పుడు నొక్కి చూడు. డ్రై రన్‌ది కూడా ఇదే కథ. నీళ్లు లేకపోతే కరెంటు తగ్గుతుంది, నిజమే, కానీ వోల్టేజ్ మారినా కరెంటు మారుతుంది, అందుకే ఒట్టి ఆంపియర్లు కాక పవర్ లెక్కించి చూస్తే నమ్మకంగా ఉంటుంది.

ఇదంతా చిన్నవాళ్ల గొడవ, పెద్ద సంస్థల్లో ఇలా జరగదు అనుకుంటావేమో. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయాణంలోనే, లేచిన నలభై సెకన్లలోపే దారి తప్పి ముక్కలైంది. 64 బిట్ల ఫ్లోటింగ్ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చేచోట సంఖ్య పట్టలేదు. ఇంతవరకూ అందరూ చెప్తారు, అసలు సంగతి దాని వెనక ఉంది. ఆ కోడ్ ఏరియాన్ 4 నుంచి తెచ్చింది, అక్కడ ఏళ్ల తరబడి బాగా పనిచేసింది. కొత్త రాకెట్ పక్కవాటు వేగం చాలా త్వరగా పెరుగుతుంది. ఆ కొత్త ప్రయాణ మార్గాన్ని ఆ యూనిట్‌కు చూపించి పరీక్షించలేదని విచారణ బృందమే తేల్చింది. ప్లాంట్ మారింది, కంట్రోలర్ మారలేదు, రెండింటినీ కలిపి ఎవరూ నడపలేదు. హర్యానా రైతు కోసం రాసిన స్టార్టర్ కోడ్‌ను తెచ్చి మన రాతి బోరుకు తగిలిస్తే జరిగేది కూడా ఇదే, కాకపోతే పేపర్లో రాదు.

ఇప్పుడు కంట్రోలర్ వైపు వద్దాం. నీ కోడ్‌లో ఫ్లాగులు ఎనిమిది లెక్క పెట్టాను, అంటే 256 కలయికలు. వాటిలో అర్థమున్నవి పది కూడా ఉండవు, మిగతావన్నీ "అలా జరగదులే" అని వదిలేసినవి. జరుగుతాయి. వాటి బదులు స్టేట్లు, అంటే పెట్టె ఉండగల స్థితులు, పెట్టు. నీ పెట్టెకు నేననుకునేవి: కరెంటు లేదు, కరెంటు సర్దుకుంటోంది, సిద్ధం, స్టార్ట్ అవుతోంది, నడుస్తోంది, బోరు ఊరుతోంది, లాక్. ఏ క్షణంలోనైనా వీటిలో ఒక్కదాంట్లోనే ఉండాలి. వీటిలో చాలావాటికి పైన "కరెంటు ఉంది" అనే పెద్ద స్టేట్ ఒకటి పెట్టి, కరెంటు పోయిన ఈవెంట్‌ను ఆ పైదానికే అప్పగిస్తే ప్రతి చిన్న స్టేట్‌లోనూ మళ్లీ మళ్లీ రాయక్కర్లేదు. స్టేట్ లోపల స్టేట్ పెట్టే ఈ పద్ధతి డేవిడ్ హరేల్‌ది. 1983 ప్రాంతంలో ఇజ్రాయెల్‌లో లావి యుద్ధ విమానం ఎలక్ట్రానిక్స్ చేసేవాళ్లకు సలహాదారుగా వెళ్లి, ఇంజనీర్ల దగ్గర గుట్టలుగా పడి ఉన్న మాటల వివరణలు చూసి దీన్ని కనిపెట్టాడు, 1987లో వ్యాసంగా వచ్చింది. సిమ్యులింక్‌తో వాడే స్టేట్‌ఫ్లో అయినా, సాఫ్ట్‌వేర్ బొమ్మల ప్రమాణమైన యూఎమ్‌ఎల్‌లోని స్టేట్ మెషిన్ (స్టేట్లూ, వాటి మధ్య మార్పులూ) అయినా దాని పిల్లలే.

జీఎస్‌ఎమ్‌ను ఇందులో కలపకు. అది పక్కన వేరే స్టేట్ మెషిన్. సిగ్నల్ లేక మెసేజ్ పోవడానికి పదిహేను సెకన్లు పట్టినా మోటారు ట్రిప్ ఆగకూడదు. ఇప్పుడు నీ కోడ్‌లో ఆగుతోంది, మెసేజ్ పంపే ఫంక్షన్ లోపల డిలే లూప్ ఉంది చూసుకో.

స్టేట్లు ఏడు, ఈవెంట్లు పన్నెండు అనుకో, ఒక కాగితం మీద 84 గడుల పట్టిక గీయి. ప్రతి గడిలో ఏం జరగాలో రాయి, ఏమీ జరగకూడదంటే "పట్టించుకోవద్దు" అని రాయి, ఖాళీ మాత్రం వదలకు. "బోరు ఊరుతోంది"లో ఉండగా రైతు వచ్చి స్టార్ట్ బటన్ నొక్కాడు, ఏం చేస్తావు? మొండికేస్తే వాడు నీ పెట్టె పీకేసి పాత డీఓఎల్ (మోటారును నేరుగా లైనుకు కలిపే) స్టార్టర్ పెట్టుకుంటాడు, మాట వింటే మోటారు ఎండుతుంది. ఒకసారికి విని, రెండోసారి నొక్కితే వినకుండా మెసేజ్ పెట్టొచ్చు, ఎలా చేసినా అది నువ్వు ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయం. పట్టిక లేకపోతే ఆ నిర్ణయం నీ బదులు ఏదో ఒక ఫ్లాగు తీసుకుంటుంది. నిజం చెప్పాలంటే నా అనుభవంలో మోడలింగ్ వల్ల వచ్చే లాభంలో సగం ఈ పట్టిక నింపేటప్పుడే వచ్చేస్తుంది, ఇంకా టూలే తెరవకముందే.

ఆ పట్టికను టెక్స్ట్ ఫైలుగా పెట్టుకో, ఎక్సెల్‌లో వద్దు. ఒక చిన్న పైథాన్ స్క్రిప్టుతో దాన్నుంచే సీ టేబుల్ పుట్టించు, అదే స్క్రిప్టుతో గ్రాఫ్‌విజ్ (టెక్స్ట్ నుంచి బొమ్మ గీసే టూల్) బొమ్మ కూడా పుట్టించు. అంతే, నీకు సొంత కోడ్ జనరేటర్ వచ్చింది, బొమ్మా కోడూ ఎప్పటికీ ఒకటే ఉంటాయి, కోడ్ మార్పులు దాచే గిట్‌లో ఏ గడి ఎప్పుడు మారిందో కనిపిస్తుంది. దీనికంటే పెద్దది కావాలంటే క్వాంటమ్ లీప్స్ వాళ్ల క్యూఎమ్ అనే టూల్ ఉచితంగా దొరుకుతుంది, స్టేట్ మెషిన్ గీస్తే సీ కోడ్ ఇస్తుంది, కాకపోతే ఆ కోడ్ నడిచే క్యూపీ ఫ్రేమ్‌వర్క్‌కు జీపీఎల్ (నీ కోడ్ కూడా బయటపెట్టమనే ఉచిత లైసెన్స్) లేదా డబ్బు కట్టే లైసెన్స్, అమ్మే ముందు అది చదువు. కంట్రోల్ లూపులు, ఫిల్టర్ల బొమ్మలకు సైలాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌కాస్ ఉంది, అదీ ఉచితమే. మాట్‌ల్యాబ్ (సిమ్యులింక్ నడిచేది దీని మీదే) హోమ్ లైసెన్స్ చవకని ఎవరో చెప్పారన్నావు, అది సొంత సరదాకు, అమ్మే సరుకుకు పనికిరాదు.

పుట్టిన కోడ్‌ను నమ్మొచ్చా అంటే, స్టేట్ మెషిన్ కోడ్ విషయంలో నీ చేతి కోడ్ కంటే దాన్నే ఎక్కువ నమ్ముతాను. ఒకటే షరతు, పుట్టిన ఫైలులో చేయి పెట్టొద్దు. సైట్‌లో అర్జెంటని ఒక లైను చేత్తో మార్చిన రోజే ఆ మోడల్ చచ్చిపోయినట్టు. మారిస్తే పట్టికలో మార్చు, మళ్లీ పుట్టించు, అర నిమిషం పని.

అయితే మోడల్‌లో బాగున్నది బోర్డు మీద బాగుంటుందని మాత్రం అనుకోకు. అందుకే మా దగ్గర మెట్లుంటాయి, ముందు మోడల్‌ను మోడల్‌తోనే నడపడం, తర్వాత అసలు సీ కోడ్‌ను కంప్యూటర్ మీదే ప్లాంట్ మోడల్‌కు కట్టి నడపడం, ఆ తర్వాత అదే కోడ్‌ను అసలు చిప్పు మీద, చివరికి అసలు బోర్డుకు దొంగ ప్లాంట్ తగిలించి. పేర్లు మిల్, సిల్, పిల్, హిల్ అని ఉంటాయి. నీకు రెండోది, నాలుగోది చాలు.

రెండో మెట్టు ఎందుకో ఒక ఉదాహరణ. నువ్వు కరెంటు ఆర్‌ఎమ్‌ఎస్ (మారుతూ ఉండే కరెంటుకు వర్గాలతో తీసే సగటు) కోసం శాంపిళ్ల వర్గాలు కూడుతున్నావు, 32 బిట్ల సైన్డ్ వేరియబుల్‌లో. 12 బిట్ల ఏడీసీ (వోల్టేజ్‌ను అంకెగా మార్చే భాగం), మధ్య విలువ తీసేస్తే శాంపిల్ 2048 దాకా పోతుంది. నిండు సైన్ తరంగానికి వర్గాల సగటు సుమారు 21 లక్షలు. ఇరవై సైకిళ్లు, సైకిలుకు 64 శాంపిళ్లు అంటే 1280. గుణించు, దాదాపు 268 కోట్లు. ఆ వేరియబుల్‌లో పట్టేది 214 కోట్ల చిల్లర. మామూలు ఎనిమిది ఆంపియర్లకు సీటీ రేంజిలో చిన్న భాగమే వాడుతుంది కాబట్టి ఎప్పుడూ దాటదు. మోటారు జామ్ అయి కరెంటు నిండుగా వచ్చినప్పుడే దాటి నెగెటివ్‌లోకి పోతుంది, నువ్వేమో నెగెటివ్ వస్తే సున్నా అనుకోమని రాశావు, సున్నా కరెంటు అంటే డ్రై రన్. మోటారు ఇరుక్కుని మండిపోతుంటే రైతు ఫోనుకు "బోరులో నీళ్లు లేవు" అని మెసేజ్ పోతుంది, విరామం తర్వాత మళ్లీ స్టార్ట్ కూడా చేస్తుంది! పైథాన్ మోడల్‌లో ఇది ఎన్నటికీ కనపడదు, పైథాన్ పూర్ణాంకాలకు హద్దు లేదు. అసలు సీ ఫైలును షేర్డ్ లైబ్రరీగా కంపైల్ చేసి పైథాన్‌లోని సీటైప్స్‌తో పిలిస్తే, ఇలాంటి తప్పులు పట్టే సానిటైజర్ ఆన్ చేసి నడిపితే, మొదటి జామ్ పరీక్షలోనే బయటపడుతుంది. ఇందుకోసం కోడ్‌లో హార్డ్‌వేర్ ముట్టుకునే భాగం వేరే ఫైల్లో ఉండాలి. ఇప్పుడు నీది కలగాపులగంగా ఉంది, స్టేట్ మార్చే చోటే జీపీఐఓ (చిప్పు పిన్నులు) రాస్తున్నావు. ముందు అది విడదీయి.

అదే సెటప్‌లో ఇంకోటి. నీ మిల్లీసెకన్ల కౌంటర్ 32 బిట్లు, 49.7 రోజులకు మళ్లీ సున్నాకు తిరుగుతుంది. "ఇప్పుడు, గడువు కంటే పెద్దదా" అని పోలుస్తున్నావు, తిరిగిన క్షణాన అది తప్పుతుంది. రోజూ కరెంటు పోయి వచ్చే కాలంలో బోర్డు రోజూ రీసెట్ అయ్యేది, ఈ తప్పు దాక్కునేది. ఇప్పుడు నెలల తరబడి ఆన్‌లోనే ఉండొచ్చు. ఇలాంటిదే బోయింగ్ 787లో జనరేటర్ కంట్రోల్ యూనిట్లకు వచ్చింది, 248 రోజులు ఆగకుండా ఆన్‌లో ఉంటే కౌంటర్ నిండిపోతుందని 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఆదేశమే ఇచ్చింది. పోల్చడం మానేసి తీసివేతతో చెయ్యి, పరీక్షల్లో కౌంటర్‌ను సున్నా నుంచి కాక చివరి నిమిషం నుంచి మొదలుపెట్టు.

నాలుగో మెట్టుకు లక్షల రూపాయల హిల్ ర్యాకు అక్కర్లేదు. డీఏసీ (అంకెను వోల్టేజ్‌గా మార్చే భాగం) ఉన్న ఇంకో ఎస్‌టీఎం32 బోర్డు కొను, డీఏసీ చాలని చోట పీడబ్ల్యూఎమ్‌కు (వేగంగా ఆన్ ఆఫ్ అయ్యే పిన్నుకు) ఆర్‌సీ ఫిల్టర్ తగిలించు, 50 హెర్ట్జ్ సైన్‌లు పుట్టించి నీ కంట్రోలర్ ఏడీసీకి ఇవ్వు, కాంటాక్టర్ (మోటారును ఆన్ ఆఫ్ చేసే స్విచ్చు) అవుట్‌పుట్ చదివి దాని ప్రకారం కరెంటు మార్చు. పైథాన్‌లో రాసిన బోరు మోడలే సీరియల్ తీగ మీద ఈ బోర్డును నడిపిస్తుంది. రాత్రంతా వదిలేసి పడుకోవచ్చు.

మోడల్‌కు అందనివి చాలా ఉన్నాయి. కాంటాక్టర్ కాంటాక్టులు అతుక్కుపోవడం, పిడుగు, డబ్బాలో బల్లి, కాంటాక్టర్ కాయిల్ వదిలినప్పుడు వచ్చే స్పైకుకు బోర్డు రీసెట్ కావడం. వాటిలో అతుక్కుపోవడాన్ని మాత్రం మోడల్‌లో పెట్టొచ్చు, ఆఫ్ చేయమన్నాక కూడా కరెంటు పారుతుంటే నీ స్టేట్ మెషిన్ ఏం చేస్తుందో చూడు, ఇప్పుడైతే ఏమీ చేయదు. రేపు పెద్ద మోటార్లకు స్టార్ డెల్టా (స్టార్‌లో మొదలుపెట్టి డెల్టాకు మార్చే స్టార్టర్) చేస్తావన్నావు, స్టార్, డెల్టా కాంటాక్టర్లు రెండూ ఒకేసారి పడితే నేరుగా షార్టు. దానికి సాఫ్ట్‌వేర్‌ను, మోడల్‌ను, నన్ను, ఎవర్నీ నమ్మకు. ఆక్సిలరీ ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) కాంటాక్టులతో వైరింగ్‌లోనే ఇంటర్‌లాక్ వేయి, సాఫ్ట్‌వేర్ ఇంటర్‌లాక్ దాని పైన అదనం.

పొలంలో పెట్టిన పెట్టెల్లో ప్రతి స్టేట్ మార్పూ, దానికి ముందున్న వోల్టేజ్, కరెంటు విలువలూ ఫ్లాష్‌లో రాసుకునేలా చెయ్యి. రైతు "ఊకె ఆగిపోతున్నది" అని ఫోన్ చేస్తే ఆ లాగ్ ఫైలు తెచ్చి ప్లాంట్ మోడల్ బదులు దాన్నే కంట్రోలర్‌కు తినిపించు. మోడల్ చెప్పినదీ లాగ్ ఫైలులో ఉన్నదీ కలవకపోతే దాదాపు ప్రతిసారీ సరిచేయాల్సింది ప్లాంట్ మోడల్, ముఖ్యంగా ఊట అంకెలు. ఇవి ఊరుకూ ఊరుకూ మారతాయి, ఒకే ఊళ్లో వాగు పక్క బోరుకూ గుట్ట పక్క బోరుకూ మారతాయి, వానలు పడ్డాక సెప్టెంబర్‌లో ఒకటి, ఏప్రిల్‌లో ఇంకొకటి.

ఉద్యోగం గురించి. కార్లు, విమానాల పనిలో సిమ్యులింక్, స్టేట్‌ఫ్లో తప్పవు, కార్లకు ఐఎస్ఓ 26262, విమానాలకు డీఓ-178సీ లాంటి భద్రతా ప్రమాణాల కింద పని జరుగుతుంది, హైదరాబాద్‌లో ఆ పని చేసే సెంటర్లు బాగానే ఉన్నాయి. టూల్ బటన్లు రెండు నెలల్లో వస్తాయి, కాలేజీ లైసెన్స్ ఉన్న తమ్ముళ్ల దగ్గర కూర్చుని నేర్చుకో. ఇంటర్వ్యూలో నేనైతే టూల్ అడగను, నీ ప్లాంట్ మోడల్ చూపించమంటాను, అందులో ఏ విలువ ఎక్కడి నుంచి తెచ్చావో అడుగుతాను. పది స్టార్టర్ల గ్రాఫు ఉంటే వెంట తెచ్చుకో.

హార్డ్‌వేర్ ముట్టుకునే ఫైలు విడదీశాక కోడ్ ఇక్కడే పెట్టు, ఆ 84 గడుల పట్టిక కూడా పెట్టు. ఫేజు ఫెయిల్ గడులు ముందు చూస్తాను.